విశాఖ మీదికి వచ్చిన విమానాల రంగు ఏది?

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. తెలుగునేల మీద రెండవ ప్రపంచయుద్ధం నేరుగా అడుగుపెట్టిన రోజు అది. నష్టం లండనుకో రంగూనుకో జరిగినంత కాదు గాని, పట్నం మాత్రం ఖాళీ అయింది. సామాన్లు బండ్లకెత్తి జనం పల్లెలకు తరలిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు మార్చవలసి వచ్చింది. ఇవన్నీ మనం అక్కడో ఇక్కడో చదివినవే. ఐతే ఆ విమానాలు ఏ రంగులో వున్నాయి, తోక మీద ఏం రాసి వుంది, రెక్కల మీది ఎర్ర బొట్టుకు తెల్ల అంచు వుందా లేదా అని అడిగి చూడండి. "బాంబు పడ్డాక రంగుతో పనేమిటండీ?" అని నవ్వుతారు.

పని వుంది. ఎందుకో చెబుతాను.

చిన్నతనంలో విశాఖ పాతపట్నంలో వుండి ఆ విమానాలను కళ్ళారా చూసిన ఒక మామ్మగారితో కొన్నేళ్ళ కిందట నేను మాట్లాడాను. "తెల్లగా మెరిసిపోనాయి బాబూ, కొంగలగుంపులాగ. పొట్టకింద ఎర్రబొట్లు కూడా కనిపించాయి" అన్నారావిడ. పక్కనే వున్న మనవడు కాలేజీ కుర్రాడు. వెంటనే లోపలికి వెళ్ళి రంగుల బొమ్మలున్న ఒక పుస్తకం పట్టుకొచ్చాడు. అందులో జపాను నౌకాదళం బాంబరు ముదురు ఆకుపచ్చ రంగులో వుంది. "మా నానమ్మ అలాగే చెప్తారండీ, వయసైపోయింది కదా, అన్నీ కలిపేస్తుంటారు" అన్నాడు. ఆవిడ ఏమీ అనలేదు. కొంగు సర్దుకుని కూర్చున్నారు.

పుస్తకంలో బొమ్మ వేసినవాడు ఆరోజు విశాఖలో లేడు. మామ్మగారు వున్నారు. మరి ఆవిడ మాట కొట్టివేయాలంటే గట్టి ఆధారం కావాలి కదా! ఆ ఆధారం వెతకడంలో నేను నేర్చుకున్నది ఈ వ్యాసంలో చెప్పబోతున్నాను. చరిత్ర చదివే విద్యార్థులకే కాక భౌతికం, రసాయనం చదివేవారికి కూడా ఇందులో కొంత మేత వుంది.

మొట్టమొదట తేల్చవలసింది రంగు కాదు. ఆ విమానాలు ఎక్కడినుంచి వచ్చాయన్నది. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. 1942 ఏప్రిల్‌లో హిందూ మహాసముద్రంలోకి జపాను పంపినవి రెండు వేరువేరు నౌకాబలాలు. ఒకటి అడ్మిరల్ నగుమో కింద వున్న పెద్ద దళం. పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది ఆ దళమే. అది ఏప్రిల్ 5న కొలంబో మీద, 9న ట్రింకోమలీ మీద పడింది. రెండవది అడ్మిరల్ ఓజవా కింద వున్న చిన్న దళం. ఇది బర్మా తీరంలోని మెర్గుయి నుంచి బయలుదేరి బంగాళాఖాతంలో తిరుగుతూ వర్తకపు ఓడలను వేటాడింది. కొద్దిరోజుల్లోనే ఇరవైకి పైగా ఓడలు మునిగాయి. ఈ రెండవ దళంలో వున్న విమానవాహక నౌక ఒక్కటే, పేరు ర్యూజో. విశాఖకు, కాకినాడకు వచ్చిన విమానాలు ఈ ర్యూజో మీదినుంచి లేచినవి.

ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం తప్పులు వాటంతటవే తొలగిపోతాయి. పెర్ల్ హార్బర్ విమానాల బొమ్మలు ప్రపంచంలో కోకొల్లలు. చేతికి దొరికిన ఆ బొమ్మ చూసి, అందులో వున్న తోక గుర్తుతో సహా "విశాఖపై దాడి చేసిన విమానం" అని అచ్చువేస్తే ఒక ఓడ విమానాన్ని తెచ్చి ఇంకో ఓడకు తగిలించినట్లే.

ఇక విమానం రకం. ర్యూజో మీద వున్న బాంబరు నకజిమా కంపెనీ చేసిన 97 రకం నౌకాదళ దాడి విమానం. ముగ్గురు మనుషులు ఒకరి వెనుక ఒకరు కూర్చునే ఒంటి ఇంజను విమానం. టార్పెడో గాని, 800 కిలోల వరకు బాంబులు గాని మోస్తుంది. ఓడలో జాగా చాలదు కనుక రెక్కలు మడతపడేట్లు చేశారు. ఈ 97 అన్న అంకె ఏమిటంటే, జపానువారి రాజశకం ప్రకారం 2597వ సంవత్సరం, అంటే మన 1937. ఆ సంవత్సరపు చివరి రెండంకెలే విమానానికి పేరు. ప్రసిద్ధమైన జీరో యుద్ధవిమానం కూడా అంతే, 2600వ సంవత్సరంలో, అంటే 1940లో వచ్చింది కనుక సున్న రకం అయింది.

ఇందులో ఒక చిక్కు వుంది. జపాను సైన్యానికి, నౌకాదళానికి ఒకరంటే ఒకరికి పడదు. విమానాలు వేరు, రంగులు వేరు, లెక్కలు వేరు. నౌకాదళానికి 97 రకం వున్నట్లే సైన్యానికీ ఒక 97 రకం భారీ బాంబరు వుంది. అది మిత్సుబిషీవారి రెండు ఇంజన్ల విమానం. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు వేసింది అదే. "97 రకం జపాను బాంబరు" అని మాత్రమే తెలిసినవాడు ఈ రెంటిలో ఏ బొమ్మైనా తెచ్చుకోగలడు. ఇంగ్లీషు పుస్తకాల్లో మన విమానానికి కేట్ అన్న ఆడపేరు కనిపిస్తుంది. అది అమెరికన్లు, ఆస్ట్రేలియన్లు గుర్తుపట్టడానికి పెట్టుకున్న పేరు. యుద్ధవిమానాలకు మగపేర్లు, బాంబర్లకు ఆడపేర్లు. ఆ పద్ధతి మొదలైంది 1942 నడిమధ్యలో. కాబట్టి ఏప్రిల్ 6న విశాఖలో ఎవరూ "కేట్ వచ్చింది" అని వుండరు.

తోక గుర్తుల సంగతికి వద్దాం. జపాను నౌకాదళం ప్రతి ఓడకు ఒక సంకేతం ఇచ్చింది. ఇంగ్లీషు అక్షరం ఒకటి, దాని పక్కన రోమన్ అంకె. పెర్ల్ హార్బర్ నాటికి అకగి ఓడ విమానాలకు ఏ–ఒకటి, కగకు ఏ–రెండు, సోర్యూకు బి–ఒకటి, హిర్యూకు బి–రెండు, షోకకుకు ఇ–ఒకటి, జుయికకుకు ఇ–రెండు. అక్షరం దళాన్ని చెబుతుంది, అంకె ఆ దళంలో ఓడ వరసను చెబుతుంది. ఆ తరువాత మూడంకెల సంఖ్య వుంటుంది. వందల స్థానంలో 1 వుంటే యుద్ధవిమానం, 2 వుంటే నిటారుగా దూకి బాంబు వేసేది, 3 వుంటే మన 97 రకం దాడి విమానం. తోక మీద అడ్డగీతలుంటే అది నాయకుడి విమానం. విమాన దేహం చుట్టూ, తోకకు ముందు, రంగుపట్టీలు కూడా వుండేవి. అకగి, కగలకు ఎరుపు, సోర్యూ, హిర్యూలకు నీలం, షోకకు, జుయికకులకు తెలుపు. ఎంత పద్ధతిగా వుందో చూడండి. మన కాలేజీ హాల్‌టికెట్ నంబరు చూసి గ్రూపు, సెక్షను చెప్పినట్లే తోక చూసి ఓడ పేరు చెప్పవచ్చు.

మరి ర్యూజో సంకేతం ఏది? ఇక్కడ కథ ఎక్కడో ఉత్తరధృవం దారికి వెళుతుంది. విశాఖ దాడి జరిగిన రెండు నెలలకు, 1942 జూన్ మొదటివారంలో, ఇదే ర్యూజో ఓడ అలాస్కా దగ్గరి డచ్ హార్బర్ మీద దాడికి వెళ్ళింది. జూన్ 4న దాని మీదినుంచి లేచిన ఒక జీరో విమానం దెబ్బతిని అకుతాన్ అనే దీవిలో దిగబోయింది. పైనుంచి పచ్చిక మైదానంలా కనిపించింది గాని అది బురదనేల. చక్రాలు దిగబడి విమానం తలకిందులైంది. నడుపుతున్న కోగ అనే యువకుడు మెడ విరిగి చనిపోయాడు. ఐదువారాల తరువాత అమెరికన్లు దాన్ని చూసి, తీసుకుపోయి, బాగుచేసి, అదే సంవత్సరం సెప్టెంబరులో శాన్‌డియాగోలో ఎగరవేశారు. జీరో బలహీనతలు వారికి తెలిసింది అలాగే. మనకు కావలసింది వేరే. ఆ విమానం తోక మీద డి–ఒకటి–108 అని వుంది. అంటే డి–ఒకటి ర్యూజో సంకేతం, 108లోని మొదటి 1 యుద్ధవిమానానికి. అదే ఓడ మీది 97 రకం బాంబరైతే డి–ఒకటి తరువాత 3తో మొదలయ్యే అంకె వుండాలి.

ఐతే ఒక మెలిక గమనించాలి. ఈ ఆధారం జూన్‌ది, మన ప్రశ్న ఏప్రిల్‌ది. దళాలు మారినప్పుడు సంకేతాలూ మారేవి. ర్యూజో యుద్ధం మొదటినుంచి నాలుగవ దళంలోనే వుంది కనుక ఏప్రిల్‌లో కూడా డి అక్షరమే అనుకోవడానికి మంచి కారణం వుంది. కాని "చూశాను" అనడానికి, "అనుకోవడానికి మంచి కారణం వుంది" అనడానికి మధ్య తేడా కోర్టులో వకీలుకెంత ముఖ్యమో మనకూ అంతే.

ఆ ఓడను అడుగుదామంటే అది లేదు. 1942 ఆగస్టు 24న సాలమన్ దీవుల తూర్పున అమెరికన్ విమానాల దెబ్బకు మునిగిపోయింది. యుద్ధం ముగిసేనాటికి, 1945 ఆగస్టులో, జపానువారు తమ కాగితాలు కుప్పలు పోసి కాల్చేశారు. మిగిలిన విమానాలను గెలిచినవారు పగులగొట్టించారు. వెయ్యికి పైగా తయారైన 97 రకంలో ఇప్పుడు మిగిలినవి వేళ్ళమీద లెక్కపెట్టగలిగిన శిథిలాలు.

కనుక రంగు తెలుసుకోవడానికి దారులు మూడే. ఫొటోలు, శకలాలు, మిగిలిన ఆజ్ఞాపత్రాలు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క జబ్బు వుంది.

ఫొటోలతో మొదలుపెడదాం. అవన్నీ నలుపు తెలుపువి. నలుపు తెలుపు ఫొటోలో ముదురుగా కనిపించింది ముదురురంగు, లేతగా కనిపించింది లేతరంగు అనుకుంటాం. అది పూర్తిగా నిజం కాదు. ఆ రోజుల్లో వాడిన ఫిల్ములు రెండు రకాలు. ఒకటి అన్ని రంగులకూ స్పందించే పాంక్రొమాటిక్. రెండవది ఆర్థోక్రొమాటిక్, దీనికి ఎరుపు కనిపించదు. ఎర్రటి వస్తువు దాదాపు నల్లగా పడుతుంది, నీలిరంగు తెల్లబారుతుంది. ఫొటో స్టూడియో చీకటిగదిలో ఎర్రలైటు వేసుకుని పనిచేసేవారంటే కారణం ఇదే, కాగితానికి ఎరుపు సోకదు. ఇప్పుడు జపాను విమానం ఫొటో చూడండి. ఎర్ర సూర్యబింబం, ముదురు ఆకుపచ్చ దేహం రెండూ ఒకే నలుపులో కలిసిపోయాయనుకోండి, అది ఆర్థో ఫిల్ము కావచ్చు. తోకకు ముందున్న పట్టీ తెల్లగా వుందనుకోండి, అది తెల్లదీ కావచ్చు, నీలందీ కావచ్చు. అంటే షోకకు విమానమో సోర్యూ విమానమో తేలదన్నమాట. అందుకని ఫొటోలో రంగు తెలిసిన వస్తువును ముందు పట్టుకోవాలి. సూర్యబింబం ఎరుపని మనకు తెలుసు. అది ఎంత నల్లగా పడిందో చూసి ఫిల్ము రకం నిర్ణయించుకుని, ఆ తరువాత మిగిలినవాటి మీద తీర్పు చెప్పాలి. ల్యాబులో స్టాండర్డ్ సొల్యూషను లేకుండా టైట్రేషను చేయం కదా! ఇదీ అంతే.

శకలాలు ఇంకొక రకం. పెర్ల్ హార్బర్‌లో కూలిన విమానాల రేకుముక్కలను అక్కడి సైనికులు జ్ఞాపకానికని కోసుకుపోయారు. పెట్టెల్లో, అటకల మీద దాచారు. ఎండ తగలకుండా వున్న ముక్కలు మంచి సాక్ష్యం. న్యూగినీ అడవుల్లో, దీవుల్లో దొరికినవి అంత మంచి సాక్ష్యం కావు. ఎందుకంటే రంగు ఎండకు పొడిబారుతుంది. పెయింటులో తెల్లపొడి, రంగుపొడి, వాటిని పట్టివుంచే జిగురు నూనె వుంటాయి. ఎండకు ముందు పోయేది జిగురు. అప్పుడు పొడి పైకి తేలి అసలు రంగు పాలిపోయినట్లవుతుంది. సున్నం కొట్టిన గోడకు ఆనుకుంటే చొక్కాకు తెల్లగా అంటుకుంటుందే, అదే వ్యవహారం. పైపొరను మెత్తగా రుద్ది చూస్తే కింద అసలు రంగు బయటపడుతుంది. జీరో విమానం బూడిదరంగు అని కొందరు, కాదు, కాస్త పసుపు, ఆకుపచ్చ జీర కలిసిన బెల్లంపాకం లాంటి రంగు అని కొందరు దశాబ్దాల పాటు వాదించుకున్నారు. ఆ వాదన సగం ఈ పొడిబారడం వల్ల వచ్చిందే. ఒకే రేకును ఇద్దరూ చూశారు, ఒకరు పైన చూశారు, ఒకరు రుద్ది చూశారు.

ఇంకా చిత్రం, జపాను విమానాల లోపలివైపు పూసిన రంగు. డ్యురాల్యుమిన్ రేకు తుప్పు పట్టకుండా పారదర్శకంగా నీలం, ఆకుపచ్చ కలిసిన లక్క పూసేవారు. దాన్ని అవోతకే అంటారు, అంటే పచ్చి వెదురు. పేరే ఎంత బాగుందో! లోపల ఇంత శ్రద్ధ చూపినవారు పైన మాత్రం చాలాచోట్ల అస్తరు లేకుండా నేరుగా రేకు మీదే ఆకుపచ్చ కొట్టేశారు. ఉప్పుగాలికి, ఎండకు ఆ రంగు పెచ్చులు పెచ్చులుగా లేచి కింద వెండిలాంటి లోహం బయటపడేది. ఫొటోల్లో జపాను విమానాలు గజ్జి పట్టినట్లు కనిపించడానికి కారణం ఇదే.

ఈ విషయాలు ఒకచోట చేర్చి చూపినవారిలో అమెరికన్ పరిశోధకుడు డొనాల్డ్ థార్ప్‌ను చెప్పుకోవాలి. జపాను సైన్య విమానాల రంగులు, గుర్తుల మీద 1968లో, నౌకాదళం వాటి మీద 1977లో పుస్తకాలు తెచ్చారు. తరువాత వచ్చినవారు శకలాలను మన్సెల్ పద్ధతిలో కొలవడం అలవాటు చేశారు. మన్సెల్ అనే అమెరికన్ చిత్రకారుడు ప్రతి రంగుకు మూడు కొలతలు పెట్టాడు. ఏ రంగు, ఎంత లేత లేక ముదురు, ఎంత గాఢం అన్నవి. "ముదురాకుపచ్చ" అంటే నీకొకటి నాకొకటి. మూడంకెలు చెబితే ఇద్దరికీ ఒకటే. వ్యవసాయ కళాశాల మిత్రులకు ఈ పేరు కొత్త కాదు, మట్టిరంగు చెప్పడానికి వాడేదీ ఈ పట్టికలే.

పనికిరాని ఆధారం ఒకటి చెప్పి ముందుకు పోతాను. 1970లో వచ్చిన "తోరా! తోరా! తోరా!" సినిమా చూసినవారు జపాను విమానాలు తమకు బాగా తెలుసుననుకుంటారు. గొప్ప సినిమాయే, కాదనను. కాని అందులో ఎగిరినవి అమెరికన్ శిక్షణ విమానాలు. వాటికి తోకలు పొడిగించి, ముక్కులు మార్చి, రంగులు పూసి జపానువి అనిపించారు. సినిమాలో ఎన్.టి. రామారావుగారిని చూసి శ్రీకృష్ణుడి ముక్కు కొలవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

ఇక తేదీ. రంగు విషయంలో నెల కూడా లెక్కకు వస్తుంది. రెక్కల ముందంచుకు పసుపుపట్టీ వున్న జపాను విమానం బొమ్మలు చాలా చూస్తాం. తమవాళ్ళు తమ విమానాన్ని ఎదురుగా వస్తున్నప్పుడు గుర్తుపట్టడానికి పెట్టిన ఏర్పాటు అది. వచ్చింది 1942 రెండవ సగంలో. కనుక ఏప్రిల్ నాటి విశాఖ విమానానికి పసుపుపట్టీ పెట్టకూడదు. సూర్యబింబం చుట్టూ తెల్ల అంచు కూడా యుద్ధం సాగినకొద్దీ ఎక్కువైనదే, తొలినెలల్లో అంచు లేని ఉత్త ఎరుపే ఎక్కువగా కనిపిస్తుంది. నౌకాదళ విమానాలకు ఈ బింబం ఆరుచోట్ల వుంటుంది. రెక్కల పైన రెండు, రెక్కల కింద రెండు, దేహానికి అటొకటి ఇటొకటి. సైన్యం విమానాలకైతే యుద్ధం మొదట్లో దేహం మీద బింబమే లేదు.

ఈ ఎర్రబొట్టు ఎదుటివారి గుర్తులను కూడా మార్చేసింది. బ్రిటిష్ విమానాల గుర్తు నడుమ ఎర్రచుక్క, అమెరికన్ల నక్షత్రం నడుమ ఎర్రచుక్క వుండేవి. గాలిలో క్షణంలో వెయ్యోవంతు చూసి తుపాకీ పేల్చేవాడికి ఎరుపు కనిపిస్తే చాలు, శత్రువే. ఈ భయంతో అమెరికన్లు 1942 మే నెలలో నక్షత్రంలోని ఎరుపు తీసేశారు. భారతదేశం, బర్మా ఆకాశంలో ఎగిరే బ్రిటిష్ విమానాలకు, మన వైమానికదళానికి కూడా ఎరుపు చెరిపి ముదురు నీలం, లేత నీలం గుర్తులు పెట్టారు.

ఇక్కడ మన పాలమూరువారికి సంబంధించిన ముక్క ఒకటుంది. మాది ఖిల్లా ఘణపూర్. అప్పట్లో వనపర్తి సంస్థానం, పైన నిజాం రాజ్యం. సముద్రం ఎలా వుంటుందో తెలియని ఊళ్ళు మావి. అలాంటి హైదరాబాదు రాజ్యం పేరు రెండు బ్రిటిష్ విమానదళాలకు వుంది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1918లో, నిజాం ఇచ్చిన సొమ్ముతో 110వ దళానికి విమానాలు సమకూడాయి. ఒక్కొక్క విమానం మీద అది నిజాం కానుక అని రాయించారు. అది 110వ హైదరాబాద్ దళమయింది. రెండవ యుద్ధంలో 152వ హైదరాబాద్ దళం వచ్చింది. దాని చిహ్నంలో నిజాం తలపాగా వుంది. ఈ రెండు దళాలూ బర్మా యుద్ధంలో జపానువారి మీద ఎగిరాయి. 152వ దళపు స్పిట్‌ఫైర్ విమానాల దేహం మీద దూకుతున్న నల్లపులి బొమ్మ వుండేది. ఎరుపు లేని నీలిగుర్తు మీదుగా ఆ నల్లపులి దూకుతూ వుంటుంది. శిస్తు కట్టినవాడు పాలమూరు రైతు, తలపాగా నిజాముది, పులి బర్మా మీద.

మళ్ళీ మామ్మగారి దగ్గరికి వద్దాం. 97 రకం నౌకాదళ బాంబర్ల మీద మిగిలిన ఫొటోలు, శకలాలు కలిపి చూస్తే యుద్ధం తొలినెలల్లో పైభాగం ముదురాకుపచ్చ, కొన్నిటికి ఆకుపచ్చతో పాటు గోధుమరంగు మచ్చలు. ఇంజను మీది మూత నలుపు. అడుగుభాగం మాత్రం లేత బూడిదరంగు, లేదా రంగే వేయని వెండిలాంటి లోహం. ఇలా రెండురంగులెందుకంటే పైనుంచి చూసేవాడికి సముద్రంలోనో అడవిలోనో కలిసిపోవాలి, కిందనుంచి చూసేవాడికి ఆకాశంలో కలిసిపోవాలి.

మా ఊరి ఖిల్లా ఎక్కినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. రెండు కొండలను కలిపి కట్టిన కోట అది. కింద గణపసముద్రం చెరువుకట్ట మీద నిలబడి తలెత్తితే గద్ద పొట్ట కనిపిస్తుంది. కోట పైకెక్కి కిందికి చూస్తే అదే గద్ద వీపు కనిపిస్తుంది. రెండూ ఒకే గద్ద అని తెలియనివాడు రెండు పక్షులని ప్రమాణం చేస్తాడు. కోట కావలివాడికీ చెరువు కావలివాడికీ దీని మీద పోట్లాట పెట్టవచ్చు.

విశాఖలో మామ్మగారు వున్నది కిందనే. ఆవిడకు కనిపించింది పొట్ట. అది లేతరంగు. విమానం ఒక పక్కకు ఒరిగినప్పుడు ఎండ తగిలి మెరుస్తుంది. రెక్కల కింద ఎర్రబింబాలు రెండూ వుండనే వున్నాయి, ఆవిడ "ఎర్రబొట్లు" అన్నది వాటినే. పుస్తకంలో చిత్రకారుడు వేసింది పైనుంచి, పక్కనుంచి కనిపించే రూపం. కొంగలు నిజం, ఆకుపచ్చ కూడా నిజం. ఈ మాట రాసి, రెండు వైపులా రంగు వేసిన బొమ్మ ఒకటి గీసి ఆ మనవడికి పంపాను. "నానమ్మకు చూపించానండీ, నే చెప్పలేదేటిరా అన్నారు" అని జవాబు రాశాడు.

మా కళాశాల ప్రదర్శనకు ఆ విమానం నమూనా తయారుచేసినప్పుడు ఈ లెక్కలన్నీ బల్లమీద పరుచుకుని కూర్చున్నాం. పెట్టెతో వచ్చే రంగుల చీటీ పక్కన పెట్టేశాం, అది మరో ఓడ విమానానిది. పైన ముదురాకుపచ్చ, అడుగున వెండిరంగు, మూతకు నలుపు, అంచు లేని ఎర్రబింబాలు ఆరు, పసుపుపట్టీ లేదు. రెక్కలు మడతపడే చోట, మనుషులు ఎక్కిదిగే చోట ఆకుపచ్చను గీకి వెండి చూపించాం. ఇది చేస్తున్నప్పుడు పిల్లలకు మహా సరదా. తోకమీద డి–ఒకటి రాసి, 3 వేసి, తరువాతి రెండంకెలు రాయలేదు. ఒక లెక్చరరుగారు వచ్చి చూసి, "ఏదో ఒక నంబరు వెయ్యండయ్యా, ఎవడొచ్చి అడుగుతాడు?" అన్నారు. నంబరు వేస్తే అది ఒక ముగ్గురు మనుషుల విమానమవుతుంది. ఆ ముగ్గురు ఆరోజు బాంబు వేశారని మనం సాక్ష్యం చెప్పినట్లవుతుంది. అందుకని ఖాళీగానే వదిలాం. నమూనాను బల్లమీద పెట్టకుండా గది కప్పుకు దారంతో వేలాడదీశాం, పక్కన గోడకు ఒక నిచ్చెన ఆనించాం. కిందనుంచి చూసినవారు వెండి విమానమన్నారు, నిచ్చెన ఎక్కినవారు ఆకుపచ్చ అన్నారు. ఎక్కువమంది నిచ్చెన కోసం క్యూ కట్టారు.

రంగు సంగతి ఇంతటితో సరి. బాంబు సంగతి ఒకటి మిగిలి వుంది. విశాఖ సముద్రపు ఒడ్డున వున్న విశాఖ మ్యూజియంలో ఆ యుద్ధంలో జపానువారు వేయగా పేలకుండా మిగిలిన బాంబు ఒకటి వుంచారు. దాని బరువు 250 పౌండ్లని రాతల్లో కనిపిస్తుంది. జపాను నౌకాదళం తన విమాన బాంబులను కిలోల్లో లెక్కపెట్టేది, పౌండ్లలో కాదు. 60, 250, 500, 800 అని వాటి వరస. 250 పౌండ్లంటే 113 కిలోలు, ఈ వరసలో ఎక్కడా ఇమడదు. 250 కిలోలను ఎవరో పౌండ్లని రాసివుండవచ్చు, లేదా అది అసలు వేరే వస్తువే కావచ్చు. తూకం వేయనక్కరలేదు, చుట్టుకొలత చాలు. 60 కిలోల బాంబు అడ్డంగా సుమారు 20 సెంటీమీటర్లు వుంటుంది, 250 కిలోలది సుమారు 30. వచ్చే విహారయాత్ర బస్సు విశాఖకే అని వింటున్నాను. ఎక్కేవారిలో ఎవరైనా దర్జీ టేపు ఒకటి జేబులో వేసుకుని వెళ్ళి, మ్యూజియంవారి అనుమతి అడిగి, కొలిచి రావాలని కోరుతున్నాను. చుట్టుకొలత 63 సెంటీమీటర్లకు దగ్గరగా వుంటే చిన్నది, 94కు దగ్గరగా వుంటే పెద్దది.